మూడో పందిరి మీద ఊదా దీపం

ఏడో పందిరి, కడుగుడు దినచర్య. రాస్తున్నది మేస్త్రి కెజియా.

సోమవారం

తూర్పు, పడమర పలకలు కడిగాం. నీళ్లు సరిపోయాయి. దుమ్ము ఎప్పటిలాగే ఉంది. దక్షిణం వైపు పలకలు రిత్విక్ గారి వంతు. ఆయన రాలేదు కాబట్టి నేనే కడిగాను. ఆయన ఇక రారు. శుక్రవారం మధ్యాహ్నం పోయారు.

ఈ దినచర్యలో పలకలు, నీళ్లు, దుమ్ము తప్ప ఇంకేమీ రాయకూడదని నియమం. రాస్తే ఏమవుతుంది? ఏళ్ల తరబడి రాస్తున్నాను, ఒక్కరు చదివిన పాపాన పోలేదు. ఒకసారి కావాలని "ఈరోజు పందిరి మీదికి ఏనుగు ఎక్కింది" అని రాశాను. చూశామని ముద్ర వేసి పంపారు. అందుకే ఇక మీదట నాకు తోచింది రాస్తాను.

సముద్రం లంకల్ని మింగేశాక మెట్ట మీదికి వచ్చిన జనమంతా పది పందిళ్ల కింద బతుకుతున్నాం. పైన సోలార్ పలకలు, కింద నీడ, ఆ నీడలో ఊరు. పెద్ద ఇళ్ల వాళ్లని వదిలేస్తే, అరవై దాటినవాళ్లందరం ఏడో పందిరిలో ఉంటాం. పది పందిళ్ల పలకలూ కడిగేది మేమే. మోకాళ్లు అరిగినవాళ్ల చేత నిచ్చెనలు ఎక్కించాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, వాడి మోకాళ్లు చల్లగా ఉండాలి.

మా పందిరిలో పెళ్లిళ్లు ఉండవు. ఏడాది తోడు ఉంటుంది. తొలకరి పడ్డాక ఇష్టపడిన ఇద్దరూ కలిసి ఒక స్తంభం మొదట్లో సొర విత్తు పెడతారు. ఆ ఏడాదికి ఒకరికొకరు తోడు. మళ్లీ తొలకరికి మనసుంటే అదే మనిషితో, లేదంటే ఇంకొకరితో. ఒకరు పోతే మిగిలినవాళ్లు తీగ కోసెయ్యాలి. రిత్విక్ గారితో నాది మూడో తీగ. నేను కొయ్యలేదు. కాయలున్నాయి, ఉండనీ.

ఆయన ఏడాదిగా చిక్కిపోతూ వచ్చారు. నోట్లో తెల్లటి పూత. నడుం చుట్టూ అగ్గితో కాల్చినట్టు పొక్కులు. దగ్గు. స్నానాల గదిలో గోడకి వైద్యం చెప్పే అద్దం ఉంటుంది, రోజూ పొద్దున్నే దానికి నాలుక చూపించాలి. చూపించినప్పుడల్లా అద్దం "వయోభారం" అని రాసింది. అరవై దాటిన మనిషికి ఆ అద్దం ఇంకో మాట రాయగా నేను చూడలేదు. జ్వరమొచ్చినా వయోభారమే, జారిపడినా వయోభారమే. చివరి రోజు కూడా అదే రాసింది. ఆ అద్దాన్ని మాప్ కర్రతో కొట్టాను. పగల్లేదు.

గురువారం

ఉత్తరం పలకలు కడగలేదు. నేను పందిరిలో లేను.

రిత్విక్ గారి బట్టలు వాళ్ల చెల్లెలికి ఇద్దామని రేవు దగ్గరి పదో పందిరికి వెళ్లాను. రేవు పందిరి కొన మీద ఊదా దీపం ఎప్పటినుంచో వెలుగుతోంది. హెచ్‌ఐవి ఉన్న చోటని దానర్థం. మాది తెల్ల దీపం. లేని చోటని అర్థం. ఊదా దీపం దగ్గర ట్రామ్ ఆగదు, ముందే దిగి నడవాలి. గేటు దగ్గర ప్రతి మనిషీ ఒక పెట్టెలో వేలు పెట్టాలి. పెట్టె పేరు అడగదు, వయసు అడగదు. చిన్న పోటు పొడిచి ఒక గుడ్డ సంచి చేతిలో పెడుతుంది. జబ్బు లేకపోతే సంచిలో వేరుశనగ చెక్క ఉంటుంది. ఉంటే బిళ్లలు ఉంటాయి. పక్కవాడికి తెలియకుండా సంచులన్నీ ఒకేలా కుట్టారు.

చెక్క తిందామని విప్పాను. బిళ్లలు.

పెట్టె దగ్గర కూర్చున్న నర్సమ్మ నా మొహం చూసి లేచి వచ్చింది. "మామ్మగారూ, మీ వయసోళ్లకి ఇది రాదండి. పెట్టె తికమక పడుంటది. ఇంకోసారి పెట్టండి." ఇంకో వేలు పెట్టాను. మళ్లీ బిళ్లలే. ఆ పిల్ల నన్ను బల్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చింది. రోజుకో బిళ్ల వేసుకుంటే ఇంకా ఎన్నేళ్లయినా హాయిగా ఉంటానంది. మందు ఒంటబట్టి వైరస్ అణిగాక నా నుంచి ఇంకెవరికీ అంటదంది. ఏ పందిరిలో వేలు పెడితే లెక్క ఆ పందిరిదేనని, వచ్చే నెల బిళ్లలు కూడా ఆ లెక్క ప్రకారం అక్కడికే వస్తాయని, కాబట్టి రేవుకే రమ్మని చెప్పింది.

"మా ఆయనకి ఈ బిళ్ల ముందే పడుంటే?" అని అడిగాను. తోడుని మా ఆయన అని అనకూడదు. అన్నాను.

"ఎప్పట్నించి ఉందో తెలీదు కదండీ. పోయినేడాది పట్టుకునుంటే మాత్రం బతికేవోరేనండి."

ట్రామ్‌లో తిరిగి వస్తుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆమె రోజుల్లో ఇది లారీ డ్రైవర్ల జబ్బు. అమ్మమ్మ జన్మలో లారీ ఎక్కలేదు, ఎక్కింది తాతయ్య. ఇల్లాళ్లకి రాదని చెప్పి ఆమెకి పరీక్షే చెయ్యలేదట. మా అమ్మ చెప్పేది. ఇల్లాళ్లకీ వస్తుందని ఒప్పుకునే నాటికి హాస్టల్ కుర్రాళ్లలో మొదలైంది. మా తమ్ముడు అలాగే పోయాడు. తర్వాత కుర్రాళ్లందరికీ జబ్బు సోకకుండా ఆర్నెల్లకోసారి కాపు సూది వేసి వాళ్లని కాపాడారు. మంచిదే. ఇప్పుడు అది మా పందిరికి వచ్చింది. ఎందుకు రాదు? తొలకరికో తోడు. కడుపొస్తుందన్న భయం లేదు కాబట్టి కండోమ్ మాటే ఎవరూ ఎత్తరు. సూది మాకు వెయ్యరు, పెట్టె మా దగ్గర ఉండదు. మా ఇంట్లో ముగ్గురికీ చెప్పింది ఒకే మాట, మీలాంటివాళ్లకి రాదు అని.

రిత్విక్ గారి నుంచి నాకు వచ్చిందో, నా నుంచి ఆయనకి వెళ్లిందో నాకు అనవసరం. ఆయన బతకాల్సిన మనిషి. అది నాకు తెలిసింది. దాన్ని పట్టుకుని నేను ఊరుకోను.

మంగళవారం

పలకల సంగతి తర్వాత రాస్తాను.

ఎక్కడ జబ్బుందో పటాలు గీసే అధికారి ఇంద్రనీల్ దగ్గరికి వెళ్లాను. ఏ పందిరికి తెల్ల దీపమో, ఏ పందిరికి ఊదా దీపమో తేల్చేది అతనే. యాభై ఏళ్లుంటాయి. మర్యాద తెలిసిన మనిషి, లేచి నిలబడి కుర్చీ చూపించాడు. మా పందిరికి ఒక పెట్టె పంపించమని అడిగాను.

"అమ్మా, మీ దీపం తెల్లగా ఉంది కదండీ. పెట్టె దేనికి?"

"తెల్లగా ఎందుకుందండి?"

"మీ దగ్గర ఒక్క కేసు కూడా రాలేదు కాబట్టి."

"ఎవరికి పరీక్ష చేశారండి మా దగ్గర?"

"పరీక్షలు ఊదా దీపం ఉన్నచోటే చేస్తామమ్మా. తెల్లగా ఉన్నచోట చేస్తే వృథా కదా."

ఈ మాట అన్నాక అతనికే ఏదో తేడా తెలుస్తుందని కాసేపు ఆగాను. తెలియలేదు. నాకు రేవులో బిళ్లలు ఇచ్చారని చెప్పాను. అప్పుడు నవ్వాడు. వెక్కిరింపు నవ్వు కూడా కాదు. చంటిపిల్లలు పెద్ద మాట మాట్లాడితే నవ్వుతామే, ఆ నవ్వు.

"ఈ వయసులో మీకెందుకమ్మా ఈ గొడవ" అన్నాడు. "రేవు పెట్టెలు ఒక్కోసారి తప్పు చూపిస్తాయి. పోయిన వేసవిలో మీ పందిరి నుంచే ఒక పెద్దాయన వచ్చారు. రిత్విక్ అనో ఏదో పేరు. ఆయనా ఇదే పరీక్ష కావాలన్నారు. ఈ వయసులో మీకెందుకండీ, కృష్ణా రామా అనుకుంటూ కూర్చోక అన్నాను. ఆఫీసులో అందరం నవ్వుకున్నాం. ఆయన కూడా నవ్వుతూనే వెళ్లిపోయారు, పాపం."

ఆ రోజు నాకు గుర్తుంది. రిత్విక్ గారు మధ్యాహ్నం తిరిగొచ్చి అన్నం ముట్టలేదు. ఎక్కడికెళ్లారని అడిగితే ఎండ దెబ్బ అన్నారు. కష్టపడి వండితే తినరా అని నేను కోప్పడ్డాను. ఆయనకి అనుమానం వచ్చింది, అడగడానికి వెళ్లారు, వీళ్లందరి నవ్వూ మూటగట్టుకుని ఇంటికొచ్చి నాకు చెప్పలేక పడుకున్నారు.

నేను కూడా నవ్వుతూనే లేచి వచ్చాను. గుమ్మం దాటేదాకా ఆ నవ్వు చెదరనివ్వలేదు. ఆ మనిషిని నేను వదలను. ఇది దినచర్యలో రాస్తున్నాను, ముద్ర వేసి పంపండి.

ఆదివారం

పడమర పలకలు కడిగాం. రెండు పలకలకి బీటలు. కొత్తవి పంపాలి.

ఇంద్రనీల్ ఉండేది మూడో పందిరిలో. అధికారులు, వాళ్ల కుటుంబాలు ఉండే చోటు. ఏటా దీపాల పండగ రోజున తెల్ల దీపమున్న ఒక పందిరిలో పెట్టె తెచ్చి పెడతారు, మా దగ్గర ఎంత బాగుందో చూడండి అని అందరికీ చూపించుకోవడానికి. ఈసారి వంతు మూడో పందిరిది. ఆనవాయితీ ప్రకారం మొదటి వేలు ఆ పందిరిలో అందరికన్నా వయసులో పెద్ద మనిషి పెట్టాలి. తర్వాత ఎవరైనా పెట్టొచ్చు. ఏ పందిరిలో వేలు పెడితే లెక్క ఆ పందిరిదే.

ఆ నియమం ఇంద్రనీల్ రాసిందే. ఊళ్లో ఎవరికి జబ్బు బయటపడినా రేవు ఖాతాలో పడాలని, పై పందిళ్లు తెల్లగా ఉండాలని రాశాడు. బాగా రాశాడు. నాకు బాగా పనికొస్తుంది.

పండగకి ముందు మూడో పందిరి పలకలు కడగాల్సింది మేమే. పండగ రోజు పొద్దున్న తుది తుడుపు కూడా మాదే. అంటే మా వాళ్లందరం గేటు లోపలే ఉంటాం.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరికీ చెప్పాను. నా బిళ్లల సంగతి దాచలేదు. కాసేపు ఎవరూ అన్నం కలపలేదు. నా తర్వాత మేస్త్రి అయ్యే ఆఫ్రీన్ మాత్రం ముద్ద మింగి నన్ను నిలదీసింది.

"అక్కా, నిజం చెప్పు. మా మంచికోసం తీసుకెళ్తన్నావా, ఆ మనిషి మీద కసి తీర్చుకోడానికా?"

"కసి తీర్చుకోడానికే. మీలో ఎవరికైనా ఉంటే బిళ్లలు దొరుకుతాయి, అది మీ లాభం. నా లాభం వేరు."

"మరి మాలో ఎవరికీ లేకపోతే?"

"చెక్క తిని రండి."

ఆఫ్రీన్ నవ్వింది. కానీ ఆమె పోయిన తోడు, అంతకు ముందు తోడు, ఇద్దరూ వయోభారంతోనే పోయారు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు. చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ, "పొద్దున్నే నిచ్చెనలు దింపించి పెడతా" అంది.

దీపాల పండగ

మూడో పందిరి పలకలు తళతళలాడేలా తుడిచాం. ఇంత శ్రద్ధగా నేను జన్మలో తుడవలేదు.

వేదిక మీద ఇంద్రనీల్ తెల్ల చొక్కాలో ఉన్నాడు. పటాల శాఖకి పెద్దగా అతన్నే వేస్తారని అందరూ అనుకుంటున్నారు. మొదటి వేలు వాళ్లమ్మ సహస్రమ్మ గారిది. సన్నటి మనిషి, జరీ చీర ఒంటిమీద నిలవట్లేదు. కొడుకు చెయ్యి పట్టుకుని పెట్టె దాకా నడిపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె సంచి తీసుకుని విప్పకుండా ఒళ్లో పెట్టుకుంది.

అప్పుడు మేం నిచ్చెనలు దిగాం. చీరల కొంగులు తడి, పంచెలు తడి, చేతుల్లో మాప్ కర్రలు. వరసలో నిలబడ్డాం. గుడ్డ బ్యానర్ మీద అందరికీ ఆహ్వానం అని రాసుంది. ఇంద్రనీల్ మమ్మల్ని చూసి మైకులో, "చూశారా, మన పెద్దలు కూడా ఎంత ఉత్సాహంగా వచ్చారో" అన్నాడు. మళ్లీ చప్పట్లు. అతని చప్పట్ల మధ్యలోనే ఒక్కొక్కరం వేలు పెట్టాం. నేనూ పెట్టాను. రేవులో పెట్టిన వేలే, పెట్టెకి గుర్తుండదు. మందు వేసుకుంటున్నా ఆ పెట్టె నన్ను ఉన్నట్టే చూపిస్తుందని నర్సమ్మ ముందే చెప్పింది.

వెనక్కి వచ్చేటప్పుడు ట్రామ్‌లో ఎవరూ సంచి విప్పలేదు. మా పందిరికి వచ్చి స్తంభాల దగ్గర కూర్చున్నాం. ఆఫ్రీన్ ముందు విప్పింది. బిళ్లలు. ఆమె పక్కన యశ్వంత్ గారు విప్పారు. బిళ్లలు. ఆయన పక్కన చెక్క. తర్వాత బిళ్లలు, బిళ్లలు. చెక్కలు వచ్చినవాళ్లు తినలేక చేతిలో పట్టుకుని కూర్చున్నారు. ఒకళ్లిద్దరు అనుకున్నాను నేను. ఇంతమంది అనుకోలేదు. ఇన్నాళ్లూ మేం మోసుకెళ్లిన వయోభారాలన్నీ ఏమిటో అప్పుడు అర్థమైంది. ఎవరూ ఏడవలేదు. ఆఫ్రీన్ మంచినీళ్ల కుండ తెచ్చి అందరి మధ్యలో పెట్టి, "మింగండి" అంది. అందరం మింగాం.

మర్నాడు

మూడో పందిరి మీద ఊదా దీపం.

పొద్దున్న కాఫీ తాగుతూ చూశాను. ఇంకో కాఫీ పెట్టుకుని మళ్లీ చూశాను. అక్కడ ట్రామ్ ఆగడం మానేసింది. లోపలి వాళ్లు బయటికి రావాలంటే గేటు దగ్గర వేలు పెట్టాలి. బయటి వాళ్లు లోపల భోజనం చెయ్యకూడదు. ఇవన్నీ రేవు వాళ్లు ఏళ్లుగా పడుతున్నవే, కొత్తగా నేనేం కనిపెట్టలేదు. ఇంద్రనీల్‌ని పటాల శాఖకి పెద్దగా వేసే సంగతి ఆపేశారట. అతని ఇంటి ముందు ఇరుగుపొరుగు నిలబడి తిడుతున్నారని ఆఫ్రీన్ చెప్పింది. ఏమేం తిట్టారో అడిగి రెండోసారి కూడా చెప్పించుకున్నాను.

కొత్త దీపం మొదటిసారి తుడవాల్సింది మేస్త్రే. నిచ్చెనేసుకుని నేనే ఎక్కాను. చీర కొంగుతో తుడిచాను. అక్కడి నుంచి కిందికి చూస్తే ఇంద్రనీల్ వాకిట్లో ఒక్కడే నిలబడి పైకి చూస్తున్నాడు. నేను ఇంకొంచెం తుడిచాను.

శనివారం

తూర్పు పలకలు సగమే కడిగాం. మనిషి వచ్చింది.

సహస్రమ్మ గారు. వాళ్ల దగ్గర ట్రామ్ ఆగదు కాబట్టి ఎండలో నడిచి వచ్చింది. నా స్తంభం దగ్గర చతికిలబడింది. ఎందుకొచ్చారమ్మా అని అడగబోతుంటే గుడ్డ సంచి నా ముందు పెట్టింది. బిళ్లలు. ఆమె వేలు మా అందరికన్నా ముందు పెట్టింది. అంటే మేం మూడో పందిరికి మోసుకెళ్లింది కాదది. అక్కడే ఉంది.

"నాకూ ఒక తోడు ఉండేవాడమ్మా" అంది. "మా పందిరిలో తీగలు పాతరు, చాటుగా ఉంటాం. పోయాడు. మావాడికి తెలీదు. నేను చిక్కిపోతుంటే అద్దం వయోభారం అంది, మావాడు బలానికి టానిక్కులు తెచ్చాడు. దీపం మారాక ఇంటింటికీ పెట్టె తెచ్చారు. మా వీధిలో ముసలివాళ్లు చాలామందికి వచ్చింది. దీపం ఎలా మారిందో కనుక్కున్నాను. నువ్వు చేయించిన పనట. నీవల్లే బతికాం. ఆ మాట చెబుదామని వచ్చాను."

చెంప మీద కొట్టినట్టయింది నాకు. కొడుకు మొహం నల్లబడాలని నేను కట్టిన వరస అతని తల్లిని బతికించింది. రిత్విక్ గారు అడిగితే నవ్వి పంపారు. ఈమె అడగకుండానే చేతిలో బిళ్లలు పడ్డాయి. కాళ్ల దగ్గర కూర్చున్న ఆ మనిషి మీద నాకు ఆ క్షణాన ఎంత కోపం వచ్చిందో రాయడానికి చెయ్యి రావట్లేదు. ఆమె తప్పేం లేదు. అయినా వచ్చింది.

"మావాడికి చెప్పకమ్మా. నేనే చెప్పుకుంటా, ఎప్పుడో" అంది.

నేను మాట ఇవ్వలేదు. మజ్జిగ మాత్రం ఇచ్చాను. ఆమె వెళ్తూ స్తంభానికి వేలాడుతున్న సొరకాయలు చూసి, ఇంత ముదిరేదాకా ఎందుకు ఉంచావని అడిగింది. కొడుకుని పడగొట్టే గుట్టు నా చేతికి వచ్చిందని మాత్రం అనుకున్నాను. సంతోషంగానే అనుకున్నాను.

బుధవారం

పలకలు కడగలేదు. సభ జరిగింది.

ఇంద్రనీల్ కాగితం పట్టుకుని మా పందిరికి వచ్చాడు. కళ్ల కింద నల్లగా అయింది. మర్యాద మాత్రం పోలేదు, నిలబడే మాట్లాడాడు. పండగ రోజు మేం బయటివాళ్లమై ఉండి పొరపాటున వేలు పెట్టామని అందరం వేలిముద్ర వెయ్యాలట. వేస్తే, ముసలివాళ్ల ఫలితాలన్నీ తప్పేనని చెప్పి అరవై దాటినవాళ్ల లెక్క కొట్టేస్తారు. మూడో పందిరి దీపం తెల్లబడుతుంది. ఇక మీదట రేవుతో సహా ప్రతి పెట్టె కూడా వయసు అడుగుతుంది, అరవై దాటితే వేలు తీసుకోదు.

"మరి వచ్చే నెల బిళ్లలు?" అంది ఆఫ్రీన్.

"లెక్కే లేనప్పుడు బిళ్లలు ఎలా వస్తాయమ్మా? అయినా మీకు ఆ బాధేం లేదు. అవి తప్పుడు ఫలితాలు. మీరు వెయ్యకపోతే మీ పందిరికీ ఊదా దీపమే. ట్రామ్ ఉండదు. మీ మనవలు రారు. తొలకరికి తీగలు పెట్టనివ్వరు."

తీగలు అనగానే మావాళ్లలో కొంతమంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మనవలు అనగానే ఇంకొంతమంది. యశ్వంత్ గారు సిరా డబ్బా వైపు చెయ్యి చాచడం చూశాను. ఆ వేలు పడితే వచ్చే తొలకరికి ఆయన ఉండరు. ఆఫ్రీన్ ఉండదు. బహుశా నేనూ ఉండను.

నేను లేచాను. నా దగ్గరున్న గుట్టు నాలుక చివరి దాకా వచ్చింది. "బాబూ, ఆ రోజు మొదటి వేలు ఎవరిది?" అని అడిగాను. తర్వాతి మాట అనేసేదాన్నే. ఆమె ఏమైపోతుందని ఆలోచించేదాన్ని కాదు. మంచిదాన్నని చెప్పుకోవడానికి ఇది రాయట్లేదు.

"నాది" అన్న గొంతు వెనకనుంచి వినబడింది.

సహస్రమ్మ గారు స్తంభాల మధ్యలోంచి వచ్చింది. మళ్లీ నడిచే వచ్చినట్టుంది, చెప్పుల నిండా దుమ్ము. కొడుకు చేతిలోని కాగితం తీసుకుని తిరగేసి చూసి మళ్లీ అతని చేతికే ఇచ్చింది.

"నాకూ అరవై దాటి చాలా ఏళ్లయింది కదరా నాన్నా. నా లెక్క కూడా కొట్టెయ్. నాకూ బిళ్లలే వచ్చాయి. నాదీ తప్పుడు ఫలితమేనని రాసి, ముందు నా వేలిముద్ర తీసుకో."

అతను ఆమె వైపు చూశాడు. జరీ చీరలో నిలవని ఆ ఒళ్లు, ఆ మెడ, నోటి పక్కన తెల్లటి పూత అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"అమ్మా, ఈ వయసులో నీకు..."

ఆగిపోయాడు.

"పూర్తి చెయ్యండి బాబూ" అన్నాను. "రిత్విక్ గారికి పూర్తిగా చెప్పారు కదా. కృష్ణా రామా అనుకోమన్నారు. మీ ఆఫీసులో అందరూ నవ్వారు. ఇక్కడ నవ్వడానికి మేం చాలామందిమి ఉన్నాం. చెప్పండి మీ అమ్మకి."

ఎవరూ నవ్వలేదు. నేను నవ్వాను. ఒక్కదాన్నే, గట్టిగా. ఎన్నాళ్లుగానో దాచుకున్న నవ్వు. అతను బోర్లించిన మాప్ బకెట్ మీద కూర్చుండిపోయాడు. సహస్రమ్మ గారు అతని తల మీద చెయ్యి వేసింది. అది నాకు నచ్చలేదు, కానీ తల్లి కదా.

కాసేపటికి అతను కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. రేపే పెట్టె పంపిస్తానన్నాడు. అద్దాలు మార్పిస్తానన్నాడు. మా అందరికీ బిళ్లలు ఇక్కడికే వస్తాయన్నాడు.

"అది మీ పని. దానికి నేను దండం పెట్టను" అన్నాను. "రిత్విక్ గారి పని ఒకటి మిగిలిపోయింది. దక్షిణం పలకలు ఆయన వంతు. వారానికోసారి వచ్చి అవి మీరు కడగండి. రేపు పెట్టె వస్తే మా దీపం ఊదా అవుతుంది. అది మళ్లీ తెల్లబడేదాకా."

తలూపాడు. వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని నడిపించుకు వెళ్లాడు. వాళ్లు మలుపు తిరిగాక కత్తి తెచ్చి మా తీగ కోశాను. సొరకాయలు బాగా ముదిరిపోయాయి, కూరకి పనికిరావు. విత్తులు తీసి ఎండబెట్టాను.

తొలకరి తర్వాత, గురువారం

అన్ని పలకలూ కడిగాం. వాన నీళ్లు కలిసొచ్చాయి.

మా పందిరి మీద ఊదా దీపం వెలుగుతోంది. ట్రామ్ ఆగట్లేదు. మనవలు గేటు దగ్గర వేలు పెట్టి, చెక్క కొరుక్కుంటూ లోపలికి వస్తున్నారు. సహస్రమ్మ గారికి కాస్త ఒళ్లు వచ్చింది, వారానికోసారి కొడుకు వెంట వచ్చి ఆఫ్రీన్‌తో కబుర్లు చెబుతుంది. తీగలు పెట్టొద్దన్న మాట ఎవరూ పట్టించుకోలేదు. నేను మాత్రం ఏ విత్తూ పెట్టలేదు.

ఇంద్రనీల్ ఒక్క వారం కూడా మానలేదు. నిచ్చెన ఎక్కడం నేర్చుకున్నాడు. ఈరోజు పని అయ్యాక చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, ఇప్పటికైనా నన్ను క్షమించారా?" అన్నాడు.

నేను పైకి చూశాను. దక్షిణం పలకల్ని వాన కడిగింది, అతనూ కడిగాడు, అద్దంలా ఉన్నాయి. ఎక్కడా ఒక్క మరక కూడా లేదు.

"ఆ మూల ఇంకా దుమ్ముంది" అన్నాను. అతను మాప్ కర్ర తీసుకుని మళ్లీ ఎక్కాడు.